వాన లెక్క తప్పుతున్న కాలంలో మన సేవ లెక్క

(మా సంస్థ వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడూ ఈ సభలో మేము జమా ఖర్చులు చదువుతాం. ఎంతమందికి స్కాలర్‌షిప్పులు ఇచ్చాం, ఎన్ని ఇళ్లకు రంజాన్ సరుకులు చేర్చాం, ఎంతమంది వితంతువులకు పింఛను ఇచ్చాం అని చెప్పుకుంటాం. ఆ లెక్కలు ఈ సంచికలోనే వేరే పేజీల్లో ఉన్నాయి, చూడగలరు. ఈసారి మాత్రం ఆ లెక్కల్లోకి రాని ఒక సంగతి మీ ముందు పెట్టాలని కార్యవర్గం అనుకుంది. అది వాతావరణం మార్పు గురించి. సేవా సంస్థకూ వాతావరణానికీ ఏం సంబంధం అని మీలో కొందరికి అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. మా కళ్లు తెరిపించింది ఒక ఆడపిల్ల.

ఆ పాప పేరు చెప్పము. ఎనిమిదో తరగతి. చదువులో ముందుండే పిల్ల. మన స్కాలర్‌షిప్పుకు ఒక నియమం ఉండేది: హాజరు తక్కువైతే మరుసటి ఏడు పేరు తీసేయాలి. ఆ పాప దీపావళి తర్వాత బడికి రాలేదు. ఉగాది దగ్గర పడ్డాక వచ్చింది. మేము నియమం ప్రకారం పేరు కొట్టేశాం. తర్వాత ఆమె తల్లి మా కార్యాలయానికి వచ్చి గడప దగ్గరే నిలబడి, "అన్నా, చేను ఎండిపాయె. సుగ్గికి పోకుంటే ఏం తినాల? పిల్లని ఒక్కదాన్నే ఊర్లో ఎట్ల ఇడిచిపోదు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. పేదరికం వల్ల ఇచ్చే సాయాన్ని, ఆ పేదరికం వల్లే బడి మానిందని ఆపేశాం. తప్పు మాది. ఆ తప్పు ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ పోతే వానల దగ్గరికి చేరాం.

సుగ్గి అంటే మన పశ్చిమ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. కోసిగి, కౌతాళం, హొళగుంద, పెద్దకడబూరు, నందవరం మండలాల్లో పంట పోయిన ఏడు ఊళ్లకు ఊళ్లే ఖాళీ అవుతాయి. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిర్చి కోయడానికి కొందరు. బెంగళూరు, హైదరాబాదుల్లో కట్టడం పనులకు కొందరు. ఇంటికి తాళం వేస్తారు, లేదా ముసలివాళ్లను కాపలా పెడతారు. బస్తాలో జొన్నలు, వంట సామాను, చంకలో పసిబిడ్డ. అక్కడ చేల పక్కనే గుడారాలు. అందులో హిందువులు, ముస్లింలు అనే తేడా ఏమీ లేదు. ఎండిన చేను ఎవరి మతమూ అడగదు.

కరువు మనకు కొత్తదా?

"మా తాతల నాడూ కరువులే. ఇప్పుడు కొత్తగా వాతావరణం మారిందేమిటి?" అని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్న. 1876-78 నాటి మహా కరువు మద్రాసు రాజధాని అంతటా లక్షల ప్రాణాలు తీసింది. అప్పుడు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ జిల్లా దెబ్బ తిన్న చోట్లలో మొదటి వరుసలో ఉంది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిశాయి. దానికి కొద్దిగా ముందే రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టి జనాన్ని బతికించుకోవలసి వచ్చింది. ఆ గంజి తాగి బతికామని చెప్పిన ముసలివాళ్లను మాలో కొందరం చూశాం కూడా.

కాబట్టి ప్రతి కరువునూ వాతావరణ మార్పు ఖాతాలో రాయడం నిజాయితీ కాదు. మన నేల సహ్యాద్రి కొండలకు వాననీడలో ఉంది. నైరుతి మేఘాలు అటువైపే కురిసి, మనకు మిగిలింది తెస్తాయి. చెరువుల్లో పూడిక తీయకపోవడం, కాలువ చివరి భూములకు నీళ్లు అందకపోవడం మనుషులు చేసినవి. వాటికి ఆకాశాన్ని తప్పుపట్టలేం.

మరి మారిందేమిటి? రెండు ఏళ్లు గుర్తు చేసుకుందాం.

మొదటిది 2009. ఆ ఏడు దేశమంతటా నైరుతి వానలు మామూలు కంటే 22 శాతం తక్కువ. మన రైతులు సెప్టెంబరు దాకా ఆకాశం వైపే చూశారు. ఆ తర్వాత సెప్టెంబరు చివరి రోజుల్లో మొదలైన వాన, అక్టోబరు 2 నాటికి తుంగభద్రను, హంద్రీని ఉప్పొంగించింది. కర్నూలు నగరం మునిగింది. ఎమ్మిగనూరుకు కూతవేటులో ఉన్న మంత్రాలయం నీళ్లలో నిలబడింది. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కట్ట కట్టిన తర్వాత అంత వరద అదే మొదటిసారి. ఒకే ఏడు, ఒకే జిల్లా: అటు కరువు, ఇటు జలప్రళయం.

రెండోది 2023. దేశంలో 1901 నుంచి లెక్కలు రాస్తున్నారు. ఆ లెక్కల్లో అంత పొడిగా గడిచిన ఆగస్టు ఇంకొకటి లేదు. ఆగస్టు అంటే మన పత్తి పూతకు వచ్చే కాలం. ఆ ఖరీఫ్‌లో రాష్ట్ర ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. వాటిలో మన జిల్లా మండలాలు చాలా ఉన్నాయి. ఆ దీపావళి తర్వాత సుగ్గి బండ్లు ఎన్ని కదిలాయో మీరే చూశారు.

వేడి గాలి చేసే పని

ఇందులో శాస్త్రం పెద్ద కష్టమైనది కాదు. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చితే వచ్చే బొగ్గుపులుసు వాయువు భూమి వేడిని బయటికి పోనివ్వకుండా దుప్పటిలా కప్పుతుంది. యంత్రాల కాలానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు ఆ వాయువు 280 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024లో భూమి సగటు వేడి ఆ పాతకాలం కంటే సుమారు ఒకటిన్నర డిగ్రీ ఎక్కువగా నమోదైంది.

ఒకటిన్నర డిగ్రీ అంటే ఏముందిలే అనిపిస్తుంది. ఒంటికి జ్వరం వచ్చినప్పుడు ఒకటిన్నర డిగ్రీ ఎంతో తల్లులను అడగండి.

వేడి గాలికి నీటిని పట్టుకునే శక్తి ఎక్కువ. డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని అది మోస్తుంది. దీని వల్ల రెండు పనులు జరుగుతాయి. వాన లేని రోజుల్లో ఆ గాలి మన నల్లరేగడి నుంచి, చెరువుల నుంచి, మొక్కల ఆకుల నుంచి తడిని ఎక్కువగా లాగేస్తుంది. వాన పడే రోజున అంత ఆవిరీ ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. అంటే ఏడాది మొత్తం వాన మీటరులో అంతే కనపడినా, నేలకు దక్కే పదును తగ్గిపోతుంది. పది తడులుగా పడవలసిన వాన రెండు కుంభవృష్టులుగా పడితే, నేల తాగేది కొంత, వంకలో పోయేది ఎక్కువ. పైమట్టి కూడా దానితోనే పోతుంది.

ఆ మట్టి ఎక్కడికి పోతుంది? మన తాగునీరు, సాగునీరు ఎక్కువగా తుంగభద్ర దిగువ కాలువ మీద ఆధారపడి ఉన్నాయి. హోస్పేట దగ్గర కట్టిన ఆ జలాశయం మొదట 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు సుమారు 105 టీఎంసీలకు తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ కట్టకున్న 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. అది వాతావరణం చేసింది కాదు, గొలుసు పాతబడింది. కానీ నిండిన నీళ్లు కళ్లముందే కిందికి పోతుంటే, తాత్కాలిక గేటు దించేదాకా ఆ వారం రోజులు ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. మన బతుకు ఎంత సన్నని గొలుసుకు వేలాడుతోందో ఆ రాత్రి తెలిసింది. వానలు లెక్క తప్పే కాలంలో, ఉన్న ఒక్క నీటి కుండ చిన్నదవుతూ పోతే బతుకు కష్టం.

మన వృత్తుల మీద, మన ఇళ్ల మీద

ఆదోని అంటే పత్తి. మార్కెట్ యార్డు, జిన్నింగు మిల్లులు, హమాలీలు, తోపుడు బండ్లు, టీ కొట్లు, అన్నీ ఆ తెల్ల బంగారం చుట్టూ తిరిగేవే. మన దూదేకుల సోదరులు తరతరాలుగా ఆ దూదినే ఏకి, పరుపులు కుట్టి బతికారు. పూత సమయంలో వాన ముఖం చాటేస్తే పూత రాలిపోతుంది. కాయ పగిలి పత్తి చేతికి వచ్చే అక్టోబరు, నవంబరుల్లో అకాల వాన పడితే పత్తి తడిసి రంగు మారుతుంది. మద్దతు ధరకు కొనేటప్పుడు తేమ 8 నుంచి 12 శాతం లోపే ఉండాలి. వాన తడి పట్టిన పత్తితో ఆ గీత దాటిన రైతు, వచ్చిన ధరకు అమ్ముకొని ఇంటికి పోతాడు. పైగా గులాబీ రంగు పురుగు. ఒక్క పంటకు ఇన్ని దెబ్బలు తగిలితే యార్డులో రాశులు తగ్గుతాయి. రాశులు తగ్గితే హమాలీకి మోయడానికి బస్తా ఉండదు. సెంటు భూమి కూడా లేని హమాలీ ఇంట్లో పొయ్యి వెలగకపోవడానికి ఎక్కడో పడని వాన కారణం.

ఎమ్మిగనూరు అంటే మగ్గం. పద్మశ్రీ మాచాని సోమప్ప గారు 1938లో నేత కార్మికుల సహకార సంఘాన్ని నిలబెట్టి ఈ ఊరి దుప్పట్లకు పేరు తెచ్చారు. గుంట మగ్గం మీద కూర్చునే నేతగాడికి వానా శత్రువే, ఎండా శత్రువే. కుంభవృష్టి పడితే గుంటలో నీరు ఊరుతుంది. ఆ తడి ఆరేదాకా నేత ఉండదు, కూలి ఉండదు. మే నెలలో రేకుల కప్పు కింద మధ్యాహ్నం మగ్గం ముందు కూర్చోవడం ఎవరికీ సాధ్యం కాదు.

రేకుల కప్పు అన్నాం కదా, దాని దగ్గర కొంచెం ఆగుదాం. మన ప్రాంతంలో పాతవి మట్టి మిద్దెలు. మందపాటి గోడలు. బయట ఎంత మండినా లోపల చల్లగా ఉండేది. అవి పడిపోయిన చోట పేదవాడు వేసుకోగలిగింది రేకులే. పగలు కాగిన రేకు ఇంటినంతా పొయ్యి చేస్తుంది. నిద్ర లేని రాత్రి తర్వాత మళ్లీ ఎండలో పని. వడదెబ్బ చాలాసార్లు అలాంటి ఒళ్లకే తగులుతుంది. 2015 మే నెలలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడగాలులకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ముసలివాళ్లు, బయట కూలి పని చేసేవాళ్లు.

2024 జూన్‌లో హజ్ సమయంలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. మక్కాలో వేడి 50 డిగ్రీలు దాటింది. 1,300 మందికి పైగా యాత్రికులు కన్నుమూశారని సౌదీ ప్రభుత్వమే ప్రకటించింది. అల్లాహ్ వారిని తన కారుణ్యంలోకి తీసుకోవాలి. వారిలో ఎక్కువ మంది అనుమతి పత్రాలు లేక, చల్లని గుడారాలు, బస్సులు అందక, ఎండలో కాలినడకన పోయినవారు. ఎండ ఒకటే అయినా నీడ ఉన్నవాడు బతుకుతున్నాడు, లేనివాడు పోతున్నాడు. అక్కడా అంతే, ఇక్కడా అంతే.

నోరు లేని జీవాలనూ మరచిపోకూడదు. మేత లేక సంతకు తోలే ఎద్దులను చూస్తున్నాం. ఆదోని, ఆలూరు వైపు చేలల్లో కృష్ణ జింకలు మందలుగా పడి మొలకలు తినేస్తున్నాయని రైతులు మొరపెట్టుకుంటున్నారు. వాటి బీళ్లు తగ్గాయి, గడ్డి ఎండింది, నీటి గుంటలు ఇంకాయి. అవి మాత్రం ఎక్కడికి పోతాయి? వాటికి సుగ్గి కూడా లేదు.

మన ధర్మం ఏం అడుగుతోంది

ఈ కాలుష్యం చేసింది మనం కాదు, మనమెందుకు మోయాలి అని అడగవచ్చు. నిజమే. కోసిగి కూలీ మనిషి కాల్చే పొగ కంటే, పెద్ద దేశాల్లో ఒక సంపన్నుడు ఎన్నో రెట్లు ఎక్కువ కాలుస్తాడు. న్యాయం అడగవలసిన చోట అడగాలి. కానీ మన చేతిలో ఉన్నదాని గురించి కూడా మనల్ని అడిగేవాడు ఒకడున్నాడు.

మనిషిని అల్లాహ్ ఈ భూమి మీద ప్రతినిధిగా నిలిపాడని, సృష్టిని ఒక తూకంలో ఉంచాడని, ఆ తూకం చెడగొట్టవద్దని దివ్య ఖుర్ఆన్ బోధ. పారే నది ఒడ్డున కూర్చున్నా వుజూకు నీరు దుబారా చేయవద్దన్నది ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మనకు నేర్పిన మర్యాద. చేతిలో మొక్క ఉండగా ప్రళయం ముంచుకొస్తున్నా ఆ మొక్క నాటమన్నారు. మదీనాలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని అందరికీ వదిలేశారు. యూసుఫ్ అలైహిస్సలాం పండిన ఏడేళ్లలో వెన్నులతోనే ధాన్యం దాచి, ఎండిన ఏడేళ్లు ఒక దేశాన్ని బతికించారు. వానలు లేనప్పుడు మనం ఈద్గాకు పోయి నమాజె ఇస్తిస్ఖా చదివి చేతులెత్తి అడుగుతాం. అడగాలి. ఆ అడిగిన వాన పడినప్పుడు, దాన్ని దాచుకోవడానికి మన దగ్గర ఒక గుంటైనా ఉందా అని కూడా చూసుకోవాలి.

మేము మార్చుకున్నవి, మీ అనుమతి కోరేవి

మొదటిది, స్కాలర్‌షిప్పుల్లో హాజరు నియమం తీసేశాం. సుగ్గికి పోయే కుటుంబం ముందుగా మాకు చెబితే, ఆ పిల్లలను సీజనల్ హాస్టల్లో గానీ, ఊళ్లో నమ్మకమైన బంధువుల ఇంట్లో గానీ ఉంచి, తిండి ఖర్చు సంస్థ భరించాలని ప్రతిపాదన. ఆ పాపకు సాయం తిరిగి మొదలుపెట్టాం. కానీ పోయిన ఏడాదిని తిరిగి ఇవ్వలేకపోయాం.

రెండోది, సాయం చేసే కాలం మార్చాలి. మన జకాత్ రంజాన్ చుట్టూ తిరుగుతుంది. రంజాన్ ప్రతి ఏడూ పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కరువు మాత్రం అక్టోబరులోనే తలుపు తడుతుంది. మేస్త్రీ దగ్గర బయానా తీసుకున్న తర్వాత కుటుంబాన్ని ఆపలేం. అందుకని వసూలైన దాంట్లో ఒక భాగం విడిగా ఉంచి, దసరా, దీపావళి మధ్య అర్హులకు ఇవ్వాలని కోరుతున్నాం. జకాత్ సొమ్ము జకాత్ హక్కుదారులకే పోతుంది, అందులో మార్పు లేదు. చెట్లు, నీటి తొట్లు, చలివేంద్రాల వంటివి సదఖా నుంచే చేస్తాం. పద్దులు వేరువేరుగా ఉంటాయి.

మూడోది, రేకుల ఇళ్లు. ఒంటరి వితంతువులు, మంచం పట్టిన ముసలివాళ్లు ఉన్న రేకుల ఇళ్ల జాబితా ఫిబ్రవరి లోపు తయారు చేసి, కప్పులకు తెల్లసున్నం పూయిస్తాం. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. ఖర్చు తక్కువ. పని మన కుర్రాళ్లే చేయగలరు. చలివేంద్రాలు మధ్యాహ్నం మూసేసి సాయంత్రం తెరవడం మానాలి. అసలు దాహం పన్నెండు నుంచి నాలుగు వరకే.

నాలుగోది, నీళ్లు, చెట్లు. ఒప్పుకునే మసీదు కమిటీలతో కలిసి, వుజూ నీరు మురుగులో కలవకుండా ఇంకుడు గుంతకో, చెట్ల పాదులకో మళ్లిస్తాం. ఈద్గాలు, ఖబరస్తాన్లలో వేప, కానుగ నాటుతాం. ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. గతంలో మేము నాటిన మొక్కలు ఫొటోలో ఉన్నాయి, నేలలో లేవు. ఇకపై మొక్క నాటిన వారి పేరు సంచికలో వేయం. మూడు వేసవులు నీళ్లు పోసి బతికించిన వారి పేరు వేస్తాం.

ఐదోది, సరుకుల సంచిలో బియ్యంతో పాటు కొర్రలు, జొన్నలు చేర్చాలని. కొర్ర మూడు నెలల్లో పండుతుంది, తక్కువ తడితో సరిపెట్టుకుంటుంది. మన అమ్మమ్మల వంటిల్లు ఎరిగినదే. మన సంస్థ కొంటే ఇక్కడి రైతుకు కొంత గిరాకీ పుడుతుంది.

ఇవన్నీ చేస్తే భూమి చల్లబడుతుందని మేము అనడం లేదు. మన సున్నం పూతతో ప్రపంచం మారదు. దిగువ కాలువ చివరి భూములకు నీరు, చెరువుల పూడికతీత, ఊళ్లోనే ఉపాధి పనులు ప్రభుత్వం చేయవలసినవి. అన్ని మతాల వారితో కలిసి వాటిని అడుగుతూనే ఉంటాం. కానీ ఒక ముసలమ్మ ఒక మధ్యాహ్నం నిద్రపోగలిగితే, ఒక ఆడపిల్ల ఒక ఏడాది బడి మానకుండా ఉంటే, అది మన చేతిలో ఉన్న పని.

చివరగా ఒక్క మాట. 2017లో రంజాన్ మే నెల చివర్లో వచ్చింది. ఆ ఉపవాసాలు మీకు గుర్తున్నాయి. గొంతు ఎండి, ఇఫ్తార్ కోసం గడియారం చూసుకున్న సాయంత్రాలు. చాంద్రమానం తిరిగి తిరిగి సుమారు 33 ఏళ్లకు మళ్లీ అక్కడికే వస్తుంది. అంటే 2050 ప్రాంతంలో, ఇప్పుడు మన ఒడిలో ఉన్న పసివాళ్లు మే నెలలో ఉపవాసం ఉంటారు. ఆ మే ఎంత మండుతుందో మనలో చాలామందిమి చూడం. ఆ రోజు వాళ్లు జుహర్ నమాజు ముగించి మసీదు బయటికి వచ్చినప్పుడు, నిలబడడానికి ఒక వేపచెట్టు నీడ ఉండాలి. ఆ చెట్టు నాటవలసిన ఏడు ఇదే.

అల్లాహ్ మనకు మేలైన వానలు కురిపించాలని, ముంచే వానల నుంచి కాపాడాలని, మన చిన్న పనులను స్వీకరించాలని దుఆ చేద్దాం. ఆమీన్.